ఓడిపోయిన తిరుగుబాటు వల్ల ఎవరికేం ఒరిగింది? చీరాల నుంచి మొదలుపెడదాం

చీరాల_గాలి

ఈ మధ్య ఎక్కడ చూసినా ఒకటే మాట, ఎదురు తిరిగిన వాళ్ళ వల్లే లోకం ముందుకు పోయింది అని. రీల్స్‌లో అదే, కాలేజీ ఫంక్షన్ స్పీచ్‌లలో అదే. కాకపోతే వాటిలో కనిపించేవన్నీ గెలిచిన వాళ్ళ ఫొటోలే. మా ఊరి కథ ఎవరూ పెట్టరు, ఎందుకంటే మా వాళ్ళు ఓడిపోయారు.

తెలియని వాళ్ళ కోసం కాస్త వివరంగా చెప్తాను. చీరాల, పేరాల జంట ఊళ్ళు. అప్పుడు గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. మద్రాసు ప్రభుత్వం ఈ రెండింటినీ కలిపి మున్సిపాలిటీ చేసింది. దాంతో ఏడాదికి 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకు చేరిందని చెప్తారు. జనాభా ఏమో 15 వేలు, అందులో చాలామంది నేతపని మీద బతికేవాళ్ళు. మున్సిపాలిటీ వద్దని అర్జీలు పెట్టారు, ఎవరూ వినలేదు. సరే, పన్ను కట్టం అన్నారు. కేసులు పెట్టి కొందరిని జైలుకు పంపారు, వాళ్ళలో ఒక ముసలావిడ కూడా ఉంది.

1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశం అయ్యాక ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చాడు. శాంతంగా పన్ను ఎగ్గొట్టి వచ్చింది అనుభవించండి, లేదా ఊరే వదిలి పొండి అన్నాడు. ఈ పోరాటాన్ని నడిపిస్తున్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండోది పట్టుకున్నాడు. ఊరి హద్దు దాటితే మున్సిపాలిటీ లేదు, మున్సిపాలిటీ లేకపోతే పన్నూ లేదు, లెక్క అంతే. దాదాపు 13 వేల మంది ఇళ్ళకు తాళాలేసి హద్దు అవతల పాకలు వేసుకున్నారు. ఆ చోటుకి రామనగర్ అని పేరు పెట్టారు. ఎండలు, వానలు, రోగాలు అన్నీ ఆ పాకల్లోనే, సుమారు పదకొండు నెలలు.

తర్వాత గోపాలకృష్ణయ్యని అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు. డబ్బుల్లేవు, నడిపించే మనిషి లేడు. జనం ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. మున్సిపాలిటీ అలాగే ఉంది, పన్నులూ కట్టారు.

ఇప్పుడు చెప్పండి, దీన్ని ఏ ఖాతాలో వేయాలి? ప్రగతి అనాలా, పదకొండు నెలల కష్టం అనాలా?

లాయర్_బాబాయ్

మంచి ప్రశ్న వేశావు, ఇంకాస్త ఇబ్బంది పెడతాను. మున్సిపాలిటీ అంటే ఏమిటి? మురుగు కాలవలు, వీధి దీపాలు, మంచినీళ్ళు. ఇవాళ ఏ ఊరివాళ్ళైనా మాకు మున్సిపాలిటీ హోదా కావాలని ధర్నా చేస్తారు. ఆ లెక్కన చూస్తే మీ వాళ్ళు తిరగబడింది ప్రగతి మీదే!

పైగా ఎదుట ఉన్నది తెల్లదొర ఒక్కడే కాదు. 1920 చివరి నుంచి మద్రాసులో స్థానిక పాలన శాఖ మన మంత్రుల చేతికే వచ్చింది. ఆ శాఖ చూసింది పానగల్ రాజా, తెలుగువాడే, జస్టిస్ పార్టీ. అదే మద్రాసు కౌన్సిల్ 1921లోనే ఆడవాళ్ళకు ఓటు హక్కు ఇస్తూ తీర్మానం చేసింది. ఉద్యోగాల్లో బ్రాహ్మణేతరులకు వాటా ఇవ్వాలని జీవో తెచ్చింది కూడా ఆ ప్రభుత్వమే. కాబట్టి ఇటు మంచివాళ్ళు అటు చెడ్డవాళ్ళు అని సినిమాలాగా గీత గీయడం కుదరదు.

చీరాల_గాలి

బాబాయ్, కాలవలు వద్దని ఎవరన్నారు? కూలి డబ్బుల్లోంచి అంత పన్ను ఎలా కట్టాలి, మమ్మల్ని ఒక్క మాట అడిగారా అన్నదే గొడవ. రామనగర్‌లో వాళ్ళు ఊరికే కూర్చోలేదు, తగవులు తీర్చుకోవడానికి సొంత పంచాయతీ పెట్టుకున్నారు, గోపాలకృష్ణయ్య కూడగట్టిన రామదండు వాలంటీర్లు కాపలా, శుభ్రం చూసుకున్నారు. అంటే పాలన అక్కర్లేదనలేదు, మా పాలన మేము చూసుకుంటాం అన్నారు. ఈ రెండూ ఒకటి కాదు కదా.

పెన్నా_ఒడ్డు

మాది నెల్లూరు జిల్లా. గెలిచిన కథ మా దగ్గర ఉంది, కానీ గెలుపు కూడా చీరాల గాలి గారు అనుకున్నంత తేలిక కాదని చెప్పడానికే రాస్తున్నా.

సారా ఉద్యమం సంగతి. 1983లో ప్రభుత్వమే వారుణి వాహిని అని పేరు పెట్టి సారాని ప్యాకెట్లలో పోసి ఊరూరా చేర్చింది. మా ఊళ్ళో తాగునీళ్ళ పంపు లేదు కానీ ప్యాకెట్ మాత్రం ఇంటి గుమ్మం ముందుకే వచ్చేది. తర్వాత 1990ల మొదట్లో మళ్ళీ ప్రభుత్వమే రాత్రి బడులు పెట్టింది, అక్షరాస్యత కార్యక్రమం. పగలంతా కూలికెళ్ళి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి పలక పట్టుకుని కూర్చునేవారు. ఆ పాఠాల్లో ఒకటి, మొగుడు కూలి డబ్బులు తాగి తగలేస్తుంటే ఒకావిడ పడే బాధ గురించి. చదివిన వాళ్ళు, ఇది మన కథే కదా, దీనికి మనమేం చేద్దాం అని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించారు. ఆ సంగతి మళ్ళీ పాఠంగా వచ్చింది, పక్క ఊళ్ళ వాళ్ళు చదివారు, దూబగుంట వాళ్ళు చేస్తే మనకేం తక్కువ అన్నారు.

నాకు బాగా నచ్చేది ఇదే, పలక, పుస్తకం, పంతులు అన్నీ సర్కారువి, వాటితోనే సర్కారు ఆదాయానికి గండి కొట్టారు. 1992లో వేలం పాటల దగ్గరికి చీపుళ్ళు, కారప్పొడి పట్టుకుని వెళ్ళి కూర్చుంటే పాట మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా బంద్.

కొసరు చెప్పాలి. వారుణి వాహిని తెచ్చిన ఎన్టీఆరే తిరిగి గెలిచి 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టాడు. 1997లో ఆయన అల్లుడి ప్రభుత్వం అది ఎత్తేసింది. ఎత్తేసేటప్పుడు దూబగుంటకు వచ్చి ఎవరైనా అడిగారా? ఇప్పుడు బడి పక్కనే బెల్టు షాపు. ఇది గెలుపేనా మరి?

బెజవాడ_బుల్లోడు

ఇవన్నీ పాత కథలు బాసూ. ఇప్పటి సంగతి చెప్పండి. మా ఆఫీసులో ఎదురు ప్రశ్న వేస్తే అప్రైజల్‌లో "ఆటిట్యూడ్ ప్రాబ్లమ్" అని రాస్తారు. ప్రగతి సంగతి తర్వాత, ఈఎంఐ ఎవడు కడతాడు?

కోఠి_కబుర్లు

బుల్లోడా, మీ మేనేజర్‌కు నువ్వు వేసిన ప్రశ్న, మా ఐలమ్మ దొరకు వేసిన ప్రశ్న ఒక్కటి కాదులే. మాది జనగామ దిక్కు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి అంటే అప్పట్లో చుట్టూ ఊళ్ళు గజగజలాడేవి. వెట్టి చేయాలి, ఎదురుపడితే "బాంచన్ దొరా, నీ కాల్మొక్త" అనాలి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమిలో పంట వేస్తే ఆ పంట నాదే అన్నాడు దొర. గుండాలను పంపితే ఆమె పంట ఇవ్వలేదు. కోసి ఇంటికి తెచ్చుకుంది.

సినిమా డైలాగులు వద్దు, అసలు సంగతి వినండి. ఐలమ్మ వెనక సంఘం ఉంది. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు వచ్చి ఆమెతో పాటు చేలో దిగి వరి కోశారు. ఒక్కతే నిలబడి ఉంటే ఏమయ్యేదో ఎవరికైనా తెలుసు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు, మంది ఉన్నా అంత జరిగింది. అందుకే "ఒక్కడు ఎదిరించాడు, లోకం మారింది" అనే పోస్టర్లు చూస్తే నాకు నవ్వొస్తది. ఆ ఒక్కడికి అన్నం పెట్టింది ఎవరు, రాత్రి దాచింది ఎవరు, జైలుకు పోతే పిల్లల్ని చూసింది ఎవరు? వాళ్ళ పేర్లు రాయరు.

లాయర్_బాబాయ్

కోఠి గారి మాటకి నాది ఒక చేర్పు. వితంతు పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి పెళ్ళి చేయించింది 1881 డిసెంబర్ 11న. అంటే చట్టం పుస్తకంలో పాతికేళ్ళు పడుకుంది! ఇక్కడ అధికారం అంటే సర్కారు కాదు. కులం, పురోహితుడు, పీఠం, వంటవాడు, నీళ్ళు మోసేవాడు. వెలి వేస్తే శుభానికీ అశుభానికీ గడప తొక్కేవాడు ఉండడు. ఆ వెలిని తట్టుకోవడానికి కాకినాడ పైడా రామకృష్ణయ్య డబ్బు, బడి పిల్లల అండ, పెళ్ళి రోజున పోలీసు బందోబస్తు, అన్నీ కావాల్సి వచ్చాయి. ఊరి పెద్దల్ని ధిక్కరించడానికి తెల్లవాళ్ళ పోలీసులు కాపలా కాశారన్నమాట. ఎవరిని ఎదిరిస్తున్నాం, ఎవరి నీడలో నిలబడి ఎదిరిస్తున్నాం అన్నది కూడా చూసుకోవాలి.

పెళ్ళికొడుకు గోగులపాటి శ్రీరాములు, పెళ్ళికూతురు గౌరమ్మ. వీరేశలింగం విగ్రహాలు ఎన్నో ఉన్నాయి, గౌరమ్మ పేరు ఎంతమందికి తెలుసు? ఆ రోజు పీటల మీద కూర్చున్నది ఆ పిల్ల.

మందుల_చీటీ

మా ఫార్మా వాళ్ళ తరఫున ఒకటి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని సర్జరీకి వెళ్ళాడు. తెల్ల ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. రాతపరీక్షలు బాగానే రాసినా చివరికి ఎంబీబీఎస్ ఇవ్వలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతిలో పెట్టారు. 1920ల మొదట్లో అమెరికా వెళ్ళిపోయాడు. తర్వాత ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకి హెట్రజాన్, పిల్లల లుకేమియాకి మొదటి మందులు. ధిక్కారం వల్ల ప్రగతి అంటే ఇదే కదా.

బెజవాడ_బుల్లోడు

ఖద్దరు వేసుకున్నందుకు ఫోలిక్ యాసిడ్ దొరకలేదుగా అన్నా. రాత్రింబగళ్ళు ల్యాబ్‌లో కూర్చున్నందుకు దొరికింది. ఆ గౌను వేసుకోకపోయినా కనిపెట్టేవాడేమో. ఇలా ముడిపెట్టుకుంటూ పోతే క్లాసు ఎగ్గొట్టిన ప్రతివాడూ సైంటిస్టే.

మందుల_చీటీ

ఒప్పుకుంటా, నేరుగా లింకు లేదు. కానీ ఆయన్ని ఇక్కడే ఉండనిచ్చే వ్యవస్థ ఉండి ఉంటే అని ఆలోచించు. ఒక గౌను గుడ్డ చూసి మంచి బుర్రని పక్కన పెట్టడం, దాని నష్టం లెక్క కట్టేది ఎవరు?

ఓటీ_స్వర్ణ

ఇందాకటి నుంచి చదువుతున్నా, డ్యూటీ అయ్యాక రాస్తున్నా. హైదరాబాద్‌లో ఆపరేషన్ థియేటర్ నర్సుని. మీరంతా ఉద్యమాల గురించి రాశారు. ఉద్యమం కాని ధిక్కారం కూడా ఒకటుంది, ఒక గదిలో నలుగురి మధ్య, అర నిమిషంలో అయిపోయేది.

మా ట్రైనింగ్‌లో టెనరీఫ్ విమాన ప్రమాదం గురించి చెప్తారు. 1977 మార్చి 27, పొగమంచు, ఒకే రన్‌వే మీద రెండు జంబో జెట్లు. ఒకటి కేఎల్ఎం కంపెనీది, రెండోది పాన్ యామ్ కంపెనీది. కేఎల్ఎం కెప్టెన్ ఆ కంపెనీలోనే పెద్ద పేరున్న మనిషి, ప్రకటనల్లో ఆయన బొమ్మే. టేకాఫ్‌కి పరిగెత్తిస్తున్నప్పుడు ఫ్లైట్ ఇంజనీర్, ఆ పాన్ యామ్ విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమో అన్న అర్థంలో అడిగాడు. తప్పుకుంది అని కెప్టెన్ గట్టిగా అన్నాడు. ఇంజనీర్ మళ్ళీ అడగలేదు. 583 మంది చనిపోయారు. ఆయన రెండోసారి అడిగి ఉంటే అని ప్రపంచమంతా ఆలోచించింది. తర్వాత విమాన సంస్థలు కింది వాళ్ళు గొంతెత్తడం కూడా పనిలో భాగమని నేర్పడం మొదలుపెట్టాయి. 2008లో డబ్ల్యూహెచ్ఓ తెచ్చిన సర్జరీ చెక్‌లిస్ట్‌లోనూ ఆ ఆలోచన ఉంది.

ఇప్పుడు నా సంగతి. ఒకసారి కేసు చివర్లో మాప్ కౌంట్‌లో, అంటే ఆపరేషన్‌లో రక్తం అద్దే గుడ్డల లెక్కలో, ఒకటి తక్కువ వచ్చింది. కడుపు మూసేద్దాం అన్నారు సర్. సర్, కౌంట్ టాలీ కాలేదు అన్నాను. మళ్ళీ లెక్కపెట్టు అన్నారు. లెక్కపెట్టాను, తక్కువే. సరిగ్గా చూడు, టైమ్ అవుతోంది అన్నారు, గొంతు మారింది. మూయొద్దు సర్, ఎక్స్‌రే తీద్దాం అన్నాను. అనస్థీషియా మేడమ్ తల దించుకుని మానిటర్ చూస్తున్నారు. ఎక్స్‌రే వచ్చింది, లోపల ఏమీ లేదు. మాప్ కింద బకెట్‌లో, ఇంకో మాప్‌కి అంటుకుపోయి దొరికింది.

అంటే సర్ చెప్పిందే కరెక్ట్, కడుపులో ఏం లేదు. మరి నేను ఆపింది వృథానా? చీరాల గారూ, మీ ప్రశ్న నాకు ఇలా వినిపించింది.

కోఠి_కబుర్లు

అమ్మా స్వర్ణా, దండం పెట్టాలి నీకు. బకెట్‌లో దొరికిందని నీకు ముందే తెలియదు, సర్‌కీ తెలియదు. ఇద్దరిలో లెక్క పట్టుకుని మాట్లాడింది నువ్వే.

లాయర్_బాబాయ్

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. "తప్పైనా సరే ప్రశ్నించడమే గొప్ప" అని ఒప్పేసుకుంటే, పిల్లలకు టీకా వేయించనివాడూ అదే మాట అంటాడు, హెల్మెట్ పెట్టుకోనివాడూ అదే అంటాడు. నేను అధికారాన్ని ప్రశ్నిస్తున్నా అని. వాళ్ళకీ స్వర్ణకీ తేడా ఎక్కడ?

ఓటీ_స్వర్ణ

తేడా ఉంది సర్. నేను ఎక్స్‌రే అడిగాను. ఎక్స్‌రేలో ఏమీ లేదని వస్తే నోరు మూసుకుని సూది దారం అందించాను. టీకా వద్దనేవాడు ఏ ఎక్స్‌రే చూపించినా ఒప్పుకోడు.

మందుల_చీటీ

స్వర్ణ గారి మాటకి పాత ఉదాహరణ వియన్నాలో డాక్టర్ సెమ్మెల్‌వైస్. 1847లో ఆ ఆసుపత్రిలో రెండు కాన్పు వార్డులు. డాక్టర్లూ మెడికల్ విద్యార్థులూ చూసే వార్డులో బాలింతలు ఎక్కువ చనిపోయేవారు, మంత్రసానులు చూసే వార్డులో తక్కువ. డాక్టర్లు శవాలు కోసి అవే చేతులతో కాన్పులు చేస్తున్నారని పట్టుకుని, క్లోరిన్ నీళ్ళతో చేతులు కడగాలన్నాడు. ఏప్రిల్‌లో వందకి పద్దెనిమిది దాకా ఉన్న చావులు జూన్‌కి రెండు చిల్లరకి పడిపోయాయి. ఆయన చేతిలో ఉన్నది ఆవేశం కాదు, రిజిస్టర్. అయినా పెద్దల్లో చాలామంది ఒప్పుకోలేదు, పెద్దమనుషుల చేతులు మురికివా అన్నదే వాళ్ళ బాధ. ఆయనా తక్కువ తినలేదు లెండి, పుస్తకం 1861 దాకా రాయలేదు, రాశాక ఒప్పుకోని వాళ్ళని హంతకులంటూ బహిరంగ ఉత్తరాలు. 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు. ఆయన మాట నిజమైనా, పక్కన నిలబడే నలుగురిని కూడగట్టుకోలేకపోయాడు. కోఠి గారి సంఘం పాయింట్ ఇక్కడ కూడా పనికొస్తుంది.

హ్యూస్టన్_హరి

ఇక్కడ మీటింగ్‌లో మేనేజర్ "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా" అని అడుగుతాడు. మన తెలుగు బ్యాచ్ మొత్తం మ్యూట్. మీటింగ్ అయిపోయాక వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం ఒక్కొక్కడూ దుగ్గిరాల గోపాలకృష్ణయ్యే. హెచ్1బీ మీద ఉన్నవాడికి భయం ఉంటుంది, అది అర్థం చేసుకోగలను. గ్రీన్‌కార్డ్ వచ్చినవాడు కూడా మ్యూట్‌లోనే ఉంటాడు, అది మాత్రం నాకు అంతుపట్టదు.

బెజవాడ_బుల్లోడు

ఈఎంఐ గురించి నేను అన్నది వెటకారం కాదు, సీరియస్‌గానే అన్నా. పైనున్న కథలన్నిటిలో ఎవడో ఒకడు ఖర్చు భరించాడు. పైడా వారు డబ్బు పెట్టారు, సంఘం పంట కోసింది, చీరాలలో డబ్బు అయిపోగానే జనం తిరిగొచ్చారు. మమ్మల్ని ప్రశ్నించండి ప్రశ్నించండి అని ఎగదోసే వాళ్ళు, ఉద్యోగం పోతే మూడు నెలల జీతం ఇస్తారా? అది ముందు తేల్చండి.

పెన్నా_ఒడ్డు

బుల్లోడు చెప్పింది నిజం. మా ఊళ్ళో కూడా వేలం పాట దగ్గర కూర్చున్న రోజుల్లో కూలి పోయింది. ఆ పూట కూర్చున్న వాళ్ళ పిల్లలకి కూర్చోని వాళ్ళు వండి పెట్టారని మా పెద్దమ్మ చెప్పేది. వండి పెట్టినవాళ్ళకి చీపురు పట్టుకుని రోడ్డెక్కే ధైర్యం లేదు, కానీ వాళ్ళు లేకపోతే కూర్చున్నవాళ్ళు మధ్యాహ్నానికే లేచిపోయేవాళ్ళు.

నిషేధం ఎత్తేశారు కదా, ఏం మిగిలింది అని నేనే అడిగా ఇందాక. వేలం ఆపిన ఆడవాళ్ళు తర్వాత పొదుపు సంఘాల్లో ముందు నిలబడ్డారు, బ్యాంకు మేనేజర్ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చోవడం మా పెద్దమ్మ అక్కడే నేర్చుకుంది. సారా మళ్ళీ వచ్చింది నిజమే, ఆవిడ మాత్రం మళ్ళీ నేల మీద కూర్చోలేదు.

చీరాల_గాలి

పెన్నా గారూ, మీ పెద్దమ్మ మాట చదివాక మా ఊరి లెక్క కూడా వేరేగా వేస్తున్నా. చీరాల వాళ్ళు ఊరు వదిలిన కొన్ని నెలలకే, 1922 మొదట్లో, పక్కనే పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి ఆధ్వర్యంలో శిస్తు కట్టలేదు, గ్రామాధికారులు రాజీనామాలు ఇచ్చారు. చీరాలని చూసి చేశారు అనడానికి నా దగ్గర రుజువు లేదు, అలా అనను. కానీ ఊరు ఊరంతా కలిసి కాదనొచ్చు అన్నది అప్పటికి ఆ జిల్లాలో జరిగి ఉంది, అందరూ చూసి ఉన్నారు. చౌరీచౌరా తర్వాత గాంధీ శాసనోల్లంఘన ఆపెయ్యమన్నాడు, అది కూడా అక్కడితో ఆగింది.

గోపాలకృష్ణయ్య 1928లో క్షయతో పోయాడు, నలభై ఏళ్ళు కూడా నిండలేదు. ఎడింబరోలో ఎం.ఎ. చేసి వచ్చినవాడు, ప్రభుత్వ కొలువు చూసుకుని హాయిగా ఉండాల్సినవాడు. బుల్లోడు అడిగిన ఈఎంఐ ఆయనైతే కట్టాడు.

బెజవాడ_బుల్లోడు

సరే, ఆయన కట్టాడు, ఒప్పుకున్నా. స్వర్ణ గారూ, ఒకటి అడగనా? ఆ మాప్ గొడవ తర్వాత ఏమైంది? మిమ్మల్ని ఏమైనా అన్నారా?

ఓటీ_స్వర్ణ

అనకుండా ఎలా ఉంటారు? నలుగురి ముందు పరువు తీశావని తిట్టారు. చాలా రోజులు వాళ్ళ కేసుల లిస్ట్‌లో నా పేరు వేయలేదు. అనస్థీషియా మేడమ్ మాత్రం లిఫ్ట్‌లో కలిసినప్పుడు మంచి పని చేశావు అన్నారు. అప్పుడే ఒక్క మాట అక్కడ అని ఉంటే బాగుండేది కదా మేడమ్ అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు.

ఇప్పుడు ప్రతి ఓటీలో గోడకి తెల్లబోర్డు ఉంది, మాప్‌లు, సూదులు, పరికరాల లెక్క అందరికీ కనపడేలా రాస్తాం, టాలీ అయ్యాకే మూయాలి. నా వల్ల వచ్చిందని అనుకునేరు, ఆసుపత్రుల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ వాళ్ళు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారని మేనేజ్‌మెంట్ పెట్టించింది. కొత్తగా వచ్చిన పిల్లలకి ఆ బోర్డు నేనే నేర్పిస్తున్నా. లెక్క తేడా వస్తే ఏం చేయాలి అక్కా అని అడుగుతారు. మూయొద్దు సర్ అని గట్టిగా అను, నీ పక్కన నేనుంటా అని చెప్తున్నా.